తుఫాను రాత్రి కొవ్వొత్తి

పిల్లలూ! "కొవ్వొత్తి" అనే మాటను విడదీసి చూడండి. కొవ్వు, ఒత్తి అని రెండు మాటలు వస్తాయి. పూర్వం పశువుల కొవ్వు కరిగించి, అందులో నూలు ఒత్తిని మళ్లీ మళ్లీ ముంచి తీసి ఈ దీపాలు చేసేవారు. అవి వాసన కొట్టేవి, పొగ చిమ్మేవి. 19వ శతాబ్దంలో పారఫిన్ అనే తెల్లని మైనం తీయటం నేర్చుకున్నాక కొవ్వు పోయింది. పేరు మాత్రం నిలిచింది. ఈనాడు ముడిచమురు నుంచి ఆ మైనం తీస్తున్నారు. మీ వీధి దుకాణంలో దొరికే కొవ్వొత్తిలో ఉన్నది చాలావరకు అదే.

"స్విచ్చి నొక్కితే దీపం వెలిగే రోజుల్లో కొవ్వొత్తి సంగతి మాకెందుకండీ?" అని మీరు అడగవచ్చు. దానికి జవాబు మన ఉద్దానంలోనే ఉన్నది.

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగాన, సముద్రం పక్కనున్న ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు దట్టంగా పెరుగుతాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాలన్నీ ఈ తోటల సీమలోనివే. ఇక్కడి జీడి పిక్కలు పలాస చేరి జీడిపప్పుగా మారి దేశమంతా తిరుగుతాయి. ఇంత పచ్చని సీమ మీదికి 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ అనే తుఫాను వచ్చి పడింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పేరు ఎంత సుకుమారమో, పని అంత ఘోరం! పలాస దగ్గర అది తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు కుప్పలుగా కూలాయి. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయాయి. దారులకు అడ్డంగా చెట్లు పడి ఉండటం వల్ల, స్తంభాలు తెచ్చి పాతేవారు కూడా వెంటనే ఊళ్లు చేరలేకపోయారు.

అది దసరా నవరాత్రుల రెండో రోజు. మహాలయ అమావాస్య వెళ్లి ఇంకా రెండు మూడు రోజులే. అంటే ఆకాశంలో చంద్రుడి వెలుతురు కూడా లేదన్నమాట. ఎన్నో పల్లెల్లో చాలా రోజులపాటు రాత్రి దీపం అంటే కొవ్వొత్తో, నూనె దీపమో, టార్చిలైటో తప్ప వేరే దారి లేకపోయింది.

ఇంకొక విచిత్రం చూడండి. ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న. మూడూ అక్టోబరు రెండో వారంలోనే! కాబట్టి మన తీరంలో ఉన్నవాళ్లు కొవ్వొత్తి సంగతి తెలుసుకుని ఉండటం మంచిది. అంత గాలికి నిలిచిన ఇల్లు, చిన్న దీపం వల్ల కాలిపోకూడదు గదా!

"అయితే చేయవలసినవి, చేయకూడనివి చెప్పండి, బట్టీపడతాం" అంటారేమో. వద్దు. ముందు మంట ఎలా బతుకుతుందో తెలుసుకోండి. అప్పుడు జాగ్రత్తలన్నీ మీకు మీరే చెప్పుకోగలుగుతారు. మైకేల్ ఫారడే అనే గొప్ప శాస్త్రవేత్త ఒక కమ్మరి కొడుకు. చిన్నతనంలో పుస్తకాలు కుట్టే పని నేర్చుకున్నవాడు. ఆయన 1860 క్రిస్మస్ సెలవుల్లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలు ప్రారంభించాడు. ఆ ఆరింటికీ ఆయన తీసుకున్న విషయం ఒక్కటే: కొవ్వొత్తి!

మండేది ఏది?

కొవ్వొత్తిలో మండేది ఏది? కొందరు ఒత్తి అంటారు, కొందరు మైనం అంటారు. ఉట్టి ఒత్తినే వెలిగిస్తే అది క్షణంలో బూడిద అవుతుంది. ఉట్టి మైనపు ముక్కకు అగ్గిపుల్ల చూపితే అది కరుగుతుందేగాని అంటుకోదు. నిజానికి మండేది మైనపు ఆవిరి.

అది ఇలా జరుగుతుంది. మంట వేడికి ఒత్తి చుట్టూ ఉన్న మైనం కరిగి చిన్న గుంటలో నిలుస్తుంది. తువ్వాలు కొస నీళ్లలో పెడితే తడి పైకి పాకటం మీరు చూసే ఉంటారు. అలాగే కరిగిన మైనం ఒత్తి నూలు వెంట పైకి పాకుతుంది. పైన వేడి ఎక్కువ గనుక అక్కడ ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి గాలిలోని ఆమ్లజనితో, అంటే మీరు బడిలో ఆక్సిజన్ అనేదానితో కలిసి మండుతుంది. ఆ మంట వేడికి మళ్లీ కొంత మైనం కరుగుతుంది. ఇలా కొవ్వొత్తి తన వంట తానే వండుకుని తింటుంది.

ఉద్దానం పిల్లలకు ఈ సంగతి మరొక విధంగా కూడా తెలుసు. పెద్దవాళ్లు జీడి పిక్కలను నిప్పుల మీద కాల్చేటప్పుడు దూరంగా నిలబడి చూశారా? పెంకులోని నూనె కాగి బుస్సుమని బయటికి చిమ్ముతుంది. చిమ్మిన చోట మంట నాలుక చాస్తుంది. అక్కడ మండేది కూడా ఆవిరే. ఆ నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుందని మీ అమ్మలకు బాగా తెలుసు.

ఒక సరదా ప్రయోగం చెబుతాను. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వారి చేతనే చేయించండి. కాసేపు వెలిగిన కొవ్వొత్తిని ఆర్పితే ఒత్తి మీద నుంచి తెల్లని పొగ లేస్తుంది. వెంటనే ఒక వెలుగుతున్న అగ్గిపుల్లను ఒత్తికి తగలకుండా, అంగుళం పైన, ఆ పొగకు చూపాలి. మంట పొగ వెంట కిందికి దూకి ఒత్తిని అంటుకుంటుంది! ఆ తెల్లని పొగ మరేదో కాదు, మండకుండా మిగిలిన మైనపు ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నని తుంపరే.

కాబట్టి మంటకు మూడు కావాలి: తిండి, గాలి, వేడి. మూడు కాళ్ల పీట అనుకోండి. ఒక్క కాలు తీసేస్తే పీట పడిపోతుంది. ఈ మాట గుర్తుంచుకుంటే వెలిగించటం, ఆర్పటం రెండూ తెలిసినట్లే.

ఎక్కడ పెట్టాలి?

వేడెక్కిన గాలి పైకి పోతుంది. అందుకే మంట కూడా పైకి సాగి ఉంటుంది. (1992లో అంతరిక్షంలో కొవ్వొత్తి వెలిగించి చూశారు. అక్కడ వేడిగాలికి పైన, కింద అనే తేడా లేదు గనుక మంట నీలిరంగులో గుండ్రని బుడగలా నిలిచింది!) మన ఇళ్లలో మాత్రం మంట పక్కన ఉన్న వస్తువు కన్నా పైన ఉన్న వస్తువుకే ముప్పు ఎక్కువ. కాబట్టి కొవ్వొత్తికి పైన మూడు అడుగుల దాకా ఏమీ ఉండకూడదు. అలమారు అర కింద, వేలాడే క్యాలెండరు కింద, తాటాకు చూరు కింద, దండెం మీది బట్టల కింద పెట్టరాదు. పక్కల కూడా మూరెడు దూరం ఖాళీగా ఉండాలి. దోమతెర, కిటికీ తెర, మంచం, పుస్తకాల దొంతర, వీటికి దగ్గరగా అసలే వద్దు. కొబ్బరి పీచు, ఎండుమట్టలు, జీడి పెంకులు ఉన్న కొట్టంలోకి కొవ్వొత్తి పట్టుకుని వెళ్లరాదు. అవన్నీ మంటకు తిండే.

కొవ్వొత్తి కింద ఏమి పెట్టాలి? కొందరు ప్లాస్టిక్ డబ్బా బోర్లించి దాని మీద నిలబెడతారు. కొందరు కొబ్బరి చిప్పలో నిలబెడతారు. చిప్ప గట్టిగా ఉంటుంది గనుక భయం లేదనుకుంటారు. కాని ఎండిన చిప్ప ఎంత బాగా మండుతుందో పొయ్యి దగ్గర కూర్చున్న మీ అమ్మమ్మను అడగండి! మండనిది, ఒరగనిది, వెడల్పైనది కావాలి. స్టీలు పళ్లెం మంచిది. టెక్కలి ప్రాంతంలో గ్రానైట్ క్వారీలు ఉన్నాయి. పలక కోయగా మిగిలిన రాతి ముక్క ఒకటి ఇంట్లో ఉంటే దానికి మించిన పీట లేదు. రెండు చుక్కల మైనం దాని మీద కార్చి, కొవ్వొత్తి అడుగును అందులో అదిమి, గట్టిపడేదాకా పట్టుకోవాలి. లేదా వెడల్పాటి రేకు డబ్బాలో ఇసుక పోసి అందులో గుచ్చాలి. ఇసుకకు మన తీరంలో కొదవ లేదు. అయితే మంట ఇసుక దాకా దిగకముందే ఆర్పేయాలి.

గాలి వీచే చోట పెట్టరాదు. కరిగిన మైనం ఉండే గుంటకు అంచు కట్టేది కింది నుంచి చల్లగా పైకి వచ్చే గాలి. పక్క నుంచి గాలి కొడితే మంట ఒక వైపు వాలి, ఆ అంచు కరిగి, మైనం కాలువలా కారిపోతుంది. కొవ్వొత్తి త్వరగా అయిపోతుంది, పొగ వస్తుంది, మంట ఎటు వాలుతుందో తెలియదు. తుఫాను రాత్రి కిటికీ సందుల్లోంచి వచ్చే గాలిని గమనించి చోటు ఎంచుకోవాలి. అలాగని గదికి ఊపిరాడకుండా చేయరాదు. చిన్న గదిలో తలుపులన్నీ బిగించి అనేక కొవ్వొత్తులు వెలిగిస్తే మంటలు మన గాలినే తింటాయి. గాలి వచ్చే దారి ఎక్కడో ఒకచోట ఉండాలి. బొగ్గుల కుంపటి, జనరేటరు మాత్రం ఎన్నడూ ఇంటి లోపల పెట్టరాదు. వాటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు మీ బుద్ధికి ఒక పరీక్ష. మైనాన్ని కరిగించి ఆవిరి చేస్తేగాని మండదు. పెట్రోలు? అది వేడి చేయకుండానే ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు గనుక నేల వెంట పాకుతుంది. తుఫాను తరువాత బండికో, జనరేటరుకో అని సీసాల్లో పెట్రోలు తెచ్చి ఇంట్లో పెడతారు. అదే ఇంట్లో కొవ్వొత్తి వెలిగిస్తే ఏమవుతుందో ఆలోచించండి. గ్యాసు వాసన వచ్చినా అంతే. అగ్గిపుల్ల గీయరాదు, స్విచ్చి వేయరాదు. తలుపులు తెరిచి బయటికి రావాలి.

ఒత్తి పొడుగైతే ఆవిరి ఎక్కువగా వస్తుంది. అంత ఆవిరికి సరిపడా గాలి అందదు. అందువల్ల మంట ఎగిరెగిరి పడుతుంది, మసి కక్కుతుంది. వెలిగించే ముందు ఒత్తిని పావు అంగుళం ఉండేటట్లు కత్తిరించాలి. ఆ ముక్కనుగాని, కాలిన అగ్గిపుల్లనుగాని కరిగిన మైనంలో పడేయరాదు. అది రెండో ఒత్తిగా మారి మంట పెద్దదవుతుంది.

ఎలా ఆర్పాలి?

మన పెద్దవాళ్లు "దీపం ఆర్పు" అనటానికే ఇష్టపడరు. "కొండెక్కించు" అంటారు. నోటితో ఊదనివ్వరు, పువ్వుతోనో పుల్లతోనో చేస్తారు. కొవ్వొత్తి విషయంలో కూడా ఊదకపోవటమే మేలు. ఊదితే కరిగిన మైనం చింది ముఖాన పడవచ్చు, నిప్పురవ్వ ఎగిరి బట్ట మీద పడవచ్చు.

మంచి పద్ధతి ఏమిటంటే, పొడుగాటి స్టీలు గ్లాసునో, గిన్నె మూతనో మంట మీద బోర్లించటం. గాలి అందక మంట పోతుంది. పీటకు ఒక కాలు తీసేశామన్నమాట. ఇంకొక పద్ధతి, ఒక ఇనుప తీగతో ఒత్తిని వంచి కరిగిన మైనంలో ముంచి, వెంటనే మళ్లీ నిలబెట్టటం. పొగ రాదు, మైనం పట్టిన ఒత్తి ఈసారి సులువుగా వెలుగుతుంది. ఇది పెద్దవాళ్లు చేయవలసిన పని.

నీళ్లు మాత్రం పోయరాదు. "మంటకు నీళ్లే గదా విరుగుడు?" అంటారా? కరిగిన మైనం కన్నా నీరు బరువు. అది మైనం అడుగుకు పోయి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై ఉబ్బి, మండే మైనాన్ని నలువైపులా చిమ్ముతుంది. డబ్బాలోని మైనమే అంటుకుంటే మూత వేయాలి, లేదా ఇసుక పోయాలి.

కొవ్వొత్తి చివర అర అంగుళం మిగిలి ఉండగానే ఆర్పేయాలి. వెలిగించిన వాళ్లే ఆర్పాలి. ఎవరూ లేని గదిలో కొవ్వొత్తి ఉండరాదు. నిద్ర వస్తున్నదంటే ముందు దీపం, తరువాత దిండు. కరెంటు వచ్చిన క్షణాన మరీ జాగ్రత్త. ఆ సంబరంలో పెరటి గదిలో ఉన్న కొవ్వొత్తిని అందరూ మరచిపోతారు. అందుకని ఎన్ని వెలిగించారో పలక మీద రాసి పెట్టుకోండి. కరెంటు రాగానే అన్నీ ఆరాయా అని లెక్క చూడండి. ఈ ఉద్యోగం మీది.

ఎలా దాచాలి?

వేసవిలో రేకుల ఇంట్లో కొవ్వొత్తులు నిలబెట్టి దాచితే వంగిపోతాయి. కాగితంలో చుట్టి, ఎండ తగలని చల్లని చోట, పడుకోబెట్టి దాచాలి. వంగినదాన్ని కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి బల్ల మీద దొర్లిస్తే తిన్నగా అవుతుంది. తరువాత ఒత్తిని బాగా ఆరనివ్వాలి. తడి ఒత్తి చిటపటలాడుతుంది. అగ్గిపెట్టెను బిగుతైన మూత ఉన్న సీసాలో, చిన్న పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి. మిగిలిన ముక్కలను కరిగించి కొత్తది చేయాలనుకుంటే, పెద్దవాళ్లు కూడా గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టరాదు. వేడినీళ్ల గిన్నెలో మరొక గిన్నె పెట్టి కరిగించాలి. ఎందుకో మీకు తెలుసు: మండేది ఆవిరి.

ఒక కొవ్వొత్తి ఎంతసేపు వస్తుందో మీరే లెక్క కట్టవచ్చు. పక్కన స్కేలు పెట్టి కొలిచి, పెద్దవాళ్ల ఎదుట అరగంట వెలిగించి, మళ్లీ కొలవండి. అరగంటకు అర అంగుళం తగ్గిందనుకోండి. ఆరు అంగుళాల కొవ్వొత్తిలో చివరి అర అంగుళం వదిలేస్తే అయిదున్నర గంటలు వస్తుంది. రాత్రికి ఎన్ని కావాలో, నాలుగు రాత్రులకు ఎన్ని కావాలో చెప్పండి చూద్దాం.

పొరపాటు జరిగితే

బట్ట అంటుకుంటే పరుగెత్తరాదు. పరుగెత్తితే మంటకు గాలి పెరుగుతుంది. ఆగిపోవాలి, నేల మీద పడుకోవాలి, ముఖం చేతులతో కప్పుకుని అటూ ఇటూ దొర్లాలి. పక్కనున్నవాళ్లు దళసరి నూలు దుప్పటి కప్పాలి. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాల పాటు మామూలు చల్లని నీరు ధారగా పోయాలి. పేస్టు, సిరా, బూడిద, నెయ్యి రాయరాదు. చర్మానికి అంటిన మైనాన్ని లాగరాదు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి వెళ్లాలి. అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101. ఈ అంకెలు తలుపు వెనక సుద్దతో రాసి ఉంచండి.

తల్లిదండ్రులకు ఒక మాట. తుఫాను రాత్రికి మొదటి దీపం బ్యాటరీ టార్చి, లేదా ఎండతో ఛార్జి అయ్యే సోలారు దీపం. కొవ్వొత్తిని ఆ తరువాతనే తీయండి. పిల్లలకు "ముట్టుకోకు" అని చెప్పి ఊరుకోవద్దు. కరెంటు ఉన్న ఒక సాయంత్రం, తీరికగా, దగ్గర కూర్చోబెట్టుకుని వెలిగించి, ఆర్పి చూపించండి. చీకట్లో, గాలిహోరులో, భయంలో కొత్తగా నేర్చుకోవటం ఎవరికీ సాధ్యం కాదు.

పిల్లలూ! చదివింది ఎంతవరకు తలకెక్కిందో మీరే పరీక్షించుకోండి.

1. కొవ్వొత్తి మంట మీద గ్లాసు బోర్లిస్తే పీటకు ఏ కాలు తీసేసినట్లు?

2. మంటకు పక్కన మూరెడు దూరం చాలు, పైన మూడు అడుగులు కావాలి. ఎందుచేత?

3. మండే మైనం మీద నీళ్లు ఎందుకు పోయకూడదు?

4. కొవ్వొత్తికి కొబ్బరి చిప్ప పీటగా ఎందుకు పనికిరాదు?

నాలుగింటికీ సరిగా జవాబు చెప్పినవాళ్లకు నేను ఇచ్చే బహుమతి ఒక బాధ్యత. ఈ అక్టోబరు రాకముందే ఒక రేకు డబ్బా తెచ్చి, అందులో టార్చి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె ఉన్న సీసా, ఒక స్టీలు గ్లాసు పెట్టి, ఇంట్లో అందరికీ అది ఎక్కడున్నదో చూపించండి.